పైవరస గంటలు

పాలిష్ పనిచేసే మీరా హుస్సేన్ మూడోసారి వచ్చి సింహద్వారం ముందు గోనెపట్టా పరిచే వేళకి బుల్లయ్య వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. పుల్ల తీయకుండానే ఏదో అన్నాడు. మీరా హుస్సేన్‌కి అర్థం కాలేదు గానీ తల ఊపాడు. ఆ ఇంట్లో బుల్లయ్య ఏమన్నా తల ఊపడం అతనికి కొన్ని నెలలుగా అలవాటైపోయింది.

బుల్లయ్య ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి, ఈసారి అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

“ఇదే ఆఖరు సాయిబూ. శుక్రవారం పొద్దున అంకారావు వస్తున్నాడు, ఈ తలుపు చూడ్డానికే. అప్పటికి మళ్ళీ నల్లబడిందనుకో, మండపం పని నీకివ్వొద్దని నేనే చెప్తా. తర్వాత నన్ననుకుని లాభం లేదు.”

అంకారావు పెదకాకాని రోడ్డు మీద కళ్యాణమండపం కట్టిస్తున్నాడు. గుడికి వచ్చే పెళ్ళివాళ్ళని నమ్ముకుని కడుతున్న మండపం. తలుపులు, కిటికీలు, వేదిక వెనక చెక్కపని, అన్నీ టేకే. పాలిష్ పనే వేసవంతా సాగుతుంది. మీరా హుస్సేన్‌కి ఇన్నాళ్ళూ దొరికినవి మంచాలు, బీరువాలు, ఎవరివో విరిగి అతికించిన కుర్చీలు. వాటికోసం గుంటూరు నుంచి సైకిలు మీద ఊరూరూ తిరిగేవాడు. మండపం పని దొరికితే ఆ తిరుగుడు తప్పుతుంది, నలుగురి నోటా పేరు పడుతుంది. నువ్వు చేసిన పెద్ద తలుపు ఒకటి చూపించమని అంకారావు అడిగితే, చూపించుకోవడానికి అతనికి ఇదొక్కటే ఉంది.

తలుపు నిజానికి చూడదగ్గదే. రెండు రెక్కలు. రెక్కల నిండా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ఇత్తడి గంట. తలుపు తీసినప్పుడల్లా గంటలన్నీ కలిసి మోగుతాయి. వచ్చింది పిల్లయినా సరే, మంత్రిగారు వచ్చినంత హడావుడి చేస్తాయి. కిందటేడు మిరపకాయ ధర పలికినప్పుడు కట్టిన ఇల్లు అది. గంటల్నీ వాటి కొక్కేలనీ బుల్లయ్య స్వయంగా గుంటూరు వెళ్ళి, కొట్టుకొట్టూ తిరిగి బేరమాడి తెచ్చాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు ఇంటిని వదిలేసి తలుపునే మెచ్చుకున్నారు. తర్వాత ఎన్నాళ్ళో కాకుండానే గంటల కింద నల్లటి చారలు దిగాయి. ఏడ్చిన పిల్ల కళ్ళకింద కాటుక జారినట్టుగా తయారైంది తలుపు. బుల్లయ్య వెంటనే మీరా హుస్సేన్‌కి కబురు పెట్టాడు.

మొదటిసారి మీరా హుస్సేన్ స్పిరిట్‌లో కల్తీ ఉందేమో అనుకున్నాడు. నలుపంతా గీకి, వేరే కొట్లో స్పిరిట్ తెచ్చి, లక్క తన చేత్తోనే కరగబెట్టి, మళ్ళీ పాలిష్ పట్టి ఇచ్చాడు. మళ్ళీ నల్లబడింది. రెండోసారి, తప్పు గాలిదేమో అనుకున్నాడు. ఊరిచుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఆ ఘాటుదుమ్ము తడి పాలిష్ మీద పడుతోందేమోనని వరండాకి పాత చీరలు కట్టి మరీ చేశాడు. అయినా నల్లబడింది. కారణం ఏమిటన్నది బుల్లయ్యకి అసలు ప్రశ్నే కాదు. సాయిబు నాసిరకం సరుకు వాడాడు, అంతే. ఆ మాట మిర్చి యార్డులో, టీ కొట్టు దగ్గర, పొలం గట్టు మీద కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. మీరా హుస్సేన్ కాదని గట్టిగా అనలేకపోయాడు. తప్పు ఎక్కడుందో తెలియనివాడు తనది కాదని ఏ ధైర్యంతో అంటాడు?

బుల్లయ్య కోడలు హేమశ్రీ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. పొదిలి నుంచి ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది. మగవాళ్ళు మాట్లాడుకునే చోట కోడలు నిలబడకూడదన్నది ఈ ఇంటి పద్ధతి. అత్త రాఘవమ్మ ఆ సంగతి ఎప్పుడూ నోటితో చెప్పలేదు. హేమశ్రీ గ్లాసు పెట్టగానే లోపల్నుంచి పిలిచేది, అంతే. ఇప్పుడూ పిలిచింది. హేమశ్రీ లోపలికి వెళ్ళింది.

వంటింటి గుమ్మంలోంచి చూస్తే మీరా హుస్సేన్ పని కనబడుతూనే ఉంటుంది. ముందు గంటలకి ఒక్కోదానికీ కాగితం చుట్టి దారం కట్టాడు. తర్వాత పగిలిన గాజుపెంకు తీసుకుని, రెండు చేతుల్తో ఏటవాలుగా పట్టుకుని, చెక్కని నారవెంబడి గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పొట్టు సన్నగా లేచి గోనెపట్టా మీద రాలుతోంది. గీకినచోట చెయ్యి పెట్టి తడిమి, మళ్ళీ గీకాడు. నలుపు లోతుగా దిగింది. మధ్యాహ్నానికి అతని బొటనవేళ్ళు రెండూ ఎర్రగా కందిపోయాయి. ఆ పనికి ఈసారి కూడా కూలి లేదని ఇంట్లో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. హేమశ్రీకి అది చూస్తూ కూరలు తరగడం ఇబ్బందిగా ఉండి, అటు వీపు పెట్టి కూర్చుంది.

సాయంత్రం మళ్ళీ నీళ్ళు తీసుకెళ్ళినప్పుడు, ఆ పైవరస ఒక్కటీ ఎందుకు వదిలేశావని అడిగింది.

“పైవరసకి ఏం కాలేదమ్మా. ఇల్లు కట్టినప్పుడు వేసిన పాలిష్ అట్టాగే ఉంది. బాగున్నదాన్ని కదపడం ఎందుకని” అన్నాడు మీరా హుస్సేన్.

వాలుకుర్చీలో ఉన్న బుల్లయ్య ఆ మాట విన్నాడు. దానికీ ఆయన దగ్గర సమాధానం ఉంది. పైన మొదలుపెట్టినప్పుడు సాయిబుకి ఇంకా దేవుడి భయం ఉండి ఉంటుందని, కిందికి వచ్చేకొద్దీ పోయి ఉంటుందని అన్నాడు. తన మాటకి తనే నవ్వుకున్నాడు కూడా. మీరా హుస్సేన్ గాజుపెంకు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

బుధవారమంతా పాలిష్. ఉప్పుకాగితంతో చెక్కని నున్నగా రుద్ది, దూదిని గుడ్డలో ఉండగా కట్టి, లక్కలో ముంచి పిండి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పట్టించాడు. ఒక పూత ఆరాక ఇంకొకటి. ఆ చెయ్యి ఎక్కడా ఆగదు. ఆగితే ఆగినచోట మచ్చ పడుతుందట. రోడ్డు మీద మిరపబస్తాల లారీ వెళ్ళినప్పుడు మాత్రం తలుపుకి చీర అడ్డం పట్టుకుని, దుమ్ము అణిగేదాకా అలాగే నిలబడ్డాడు. పొద్దు వాలేసరికి చెక్కలో తేనెరంగు పలికింది. కాగితాలు విప్పి, గంటల్ని పొడిగుడ్డతో తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాసేపు ఆగాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున హేమశ్రీ అరటికాయలు తరిగింది. ముందుగా చేతికి నూనె రాసుకోవడం మరిచిపోయింది. కత్తిపీట పాతది, ఇనుపది. నాలుగు కాయలు తరిగేసరికి వేళ్ళు నల్లబడ్డాయి, గోళ్ళ చుట్టూ మరీను. ఎన్నిసార్లు చెప్పినా నూనె రాసుకోవేమని రాఘవమ్మ విసుక్కుంది. రేపు అంకారావు వాళ్ళు వస్తారు కాబట్టి సాయంత్రం గంటలు మరిచిపోకుండా తోమమని, చింతపండు ఇప్పుడే నానేసుకోమని కూడా చెప్పింది.

గంటలు తోమడం హేమశ్రీ పనే. ప్రతి గురువారం సాయంత్రం, తెల్లారితే శుక్రవారం కనక, నానిన చింతపండూ కొబ్బరిపీచూ పట్టుకుని తోముతుంది. రాఘవమ్మ అప్పగించిన పనుల్లో ఆమెకి ఇష్టమైంది అదొక్కటే. గంటలు బంగారంలా ఉన్నాయని వచ్చినవాళ్ళు అంటే, అంతా మా కోడలి చేతి చలవ అని రాఘవమ్మ పదిమందిలో అన్నది. ఈ ఇంట్లో హేమశ్రీకి దొరికిన మెప్పు కూడా అదొక్కటే.

ఆమె చింతపండు గిన్నె కోసం లేచింది. నల్లబడ్డ వేళ్ళవంక చూసుకుంది. అరటికాయ వగరు ఇనుముకి తగిలితే నలుపు. పొదిలిలో వాళ్ళమ్మ ఇనపమూకుట్లో పులుసు పెట్టనిచ్చేది కాదు, పులుపుకి ఇనుము కరిగి కూరంతా నల్లబడుతుందని. కొయ్యకి మాత్రం వగరు ఉండదా?

గిన్నె అక్కడే పెట్టి సింహద్వారం దగ్గరికి వెళ్ళింది. ఒక గంటని పక్కకి తోసి గడిలోకి చూసింది. కొక్కెం ఇత్తడిలా పచ్చగా లేదు. బూడిదరంగులో ఉంది, మొదట్లో తుప్పు. పక్క గడిలోనూ అంతే. బుల్లయ్య బేరమాడి తెచ్చిన ఇత్తడి కొక్కేలు ఇనపవి. పైన ఇత్తడి పూత. ఆ పూతని వారం వారం చింతపండుతో అరగదీసింది ఎవరో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు.

మునివేళ్ళ మీద లేచి పైవరసవైపు చెయ్యి చాపింది. అందలేదు. ఎప్పుడూ అందదు. సింహద్వారం దగ్గర ఆడవాళ్ళు పీటలెక్కి నిలబడకూడదని, అది లక్ష్మి వచ్చే దారని రాఘవమ్మ పట్టింపు. అందినంతమేర తోమితే చాలనేది. మీరా హుస్సేన్ కొత్త పాలిష్‌కీ పైన వదిలేసిన పాత పాలిష్‌కీ మధ్య రంగు కొంచెం తేడాగా ఉంది. ఆ తేడా మొదలైన చోటికి సరిగ్గా ఆమె వేళ్ళ చివర్లు వచ్చి ఆగాయి. పైవరస కొక్కేలు మాత్రం కొత్తవాటిలా పచ్చగా ఉన్నాయి.

హేమశ్రీకి సిగ్గేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు ఆ మనిషి చేత గాజుపెంకు పట్టించింది తనే. పట్టించి, వంటింట్లోంచి చూసి జాలిపడింది కూడా.

మొగుడు సురేంద్ర పత్తిమందులు తేవడానికి బయల్దేరుతుంటే అతనికి చెప్పింది. అతను విన్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి కొక్కెం కూడా చూశాడు. కాదనలేదు. కానీ నాన్న ఊరంతా చెప్పేశాడని, ఇప్పుడు తీరా మన ఇంటి చేతే, మన కొక్కేలే అంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడని అన్నాడు.

“అతని పని పోతుందిగా” అంది హేమశ్రీ.

“మండపం కాకపోతే ఇంకోటి దొరుకుతుందిలే. నువ్వు తోమడం మానెయ్, ఇక నల్లబడదు. గొడవుండదు” అని మోటారుసైకిల్ తీశాడు.

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది కాసేపు. ఈ సాయంత్రం తోమకపోతే రేపు తలుపు శుభ్రంగా ఉంటుంది, అంకారావు పని ఇస్తాడు, ఎవరి మొహమూ మాడదు. కానీ మొన్నటిదాకా నల్లగా ఉన్న సంగతి అంకారావుకి బుల్లయ్యే చెప్పి ఉన్నాడు. రెండు రోజుల కిందట పట్టిన పాలిష్ శుక్రవారం శుభ్రంగా ఉంటే అది ఏ సాక్ష్యం? నెల పోయాక చూడు దాని సంగతి అనడానికి బుల్లయ్య నోరు ఊరుకోదు. మీరా హుస్సేన్ దగ్గర దానికి జవాబు ఉండదు.

అత్తకి చెప్పి చూసింది. రాఘవమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ అంతా విని, నా కాపరం మొదలైనప్పటినుంచీ ఇత్తడి చింతపండుతోనే తోముతున్నాం, ఏ తలుపూ నల్లబడలేదే అంది. అప్పటి తలుపుకి గంటలు లేవు కదా అనబోయి హేమశ్రీ ఆగిపోయింది. రాఘవమ్మ మొహంలో కోపం లేదు, భయం ఉంది. తోమమన్నది ఆవిడ, కొక్కేలు తెచ్చింది ఆవిడ మొగుడు. ఈ మాట ఇక ఎక్కడా అనకమ్మాయ్ అని చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

సాయంత్రం దీపాల వేళ హేమశ్రీ చింతపండు గిన్నె తెచ్చుకుంది. వరండాలోంచి స్టూలు లాగి సింహద్వారం ముందు వేసుకుని ఎక్కింది. గంటలు మోగేసరికి రాఘవమ్మ లోపల్నుంచి వచ్చి చూసి నిలబడిపోయింది.

“స్టూలు దిగు. అక్కడ ఎక్కకూడదని తెలుసుగా.”

“పైవి ఎప్పుడూ తోమలేదు అత్తయ్యా. మసకగా ఉన్నాయి. రేపు పెద్దమనుషులు వస్తారుగా.”

పెద్దమనుషుల మాట రాగానే రాఘవమ్మ లక్ష్మిని కాస్త పక్కకి జరిపింది. పొద్దున్న విన్నది తలుచుకుని ఏదో అనబోయింది గానీ, కోడలు మామూలుగా తోముతున్నట్టే ఉంది. త్వరగా కానిచ్చి దిగమని చెప్పి దీపం పెట్టడానికి వెళ్ళిపోయింది.

హేమశ్రీ కింది గంటల్ని ముట్టుకోలేదు. పైవరసలో ఒక్కో కొక్కేన్నీ కొబ్బరిపీచుతో, బూడిదతో, ఇత్తడిరంగు వదిలి లోపలి ఇనుము కనబడేదాకా రుద్దింది. చింతపండు గుజ్జు కొక్కేలకి దట్టంగా పెట్టింది. పులుపునీళ్ళు గడి అంచున ఉన్న సందులోకి ఇంకి, చెక్కమీద సన్నగా కిందికి జారాయి. తుడవలేదు. రేపు నల్లబడకపోతే తన మాట అబద్ధమవుతుంది. నల్లబడితే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది. స్టూలు దిగి, దాన్ని తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టింది.

అంకారావు చెప్పిన వేళకే వచ్చాడు. లావుపాటి మనిషి, తొందరపడడు. మీరా హుస్సేన్ అప్పటికే వచ్చి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తలుపు వైపు చూడకుండా నిలబడ్డాడు. బుల్లయ్య ఎదురెళ్ళి అంకారావుని వరండాలోకి తెచ్చి, తలుపు వైపు తిరిగి, అక్కడే ఆగిపోయాడు.

కిందంతా తేనెరంగులో నున్నగా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ ఏమీ కాని పైవరసలో గంటగంటకీ కింద నల్లటి చార దిగి ఉంది.

బుల్లయ్యకి పాత మాటే దొరికింది. చూశారా, నేను చెప్పలా, ఈసారి పైన మొదలెట్టింది అన్నాడు. మీరా హుస్సేన్ గేటు వదిలి నాలుగడుగులు ముందుకొచ్చి పైకి చూశాడు. ఇల్లు కట్టినప్పుడు పాలిష్ పట్టాక తను ముట్టుకోనేలేదు ఆ వరసని.

“అది అతను చేసింది కాదు మామయ్యా. నేను చేశాను” అంది హేమశ్రీ.

ట్రేలో మంచినీళ్ళతో తలుపు పక్కనే ఉంది. లోపల్నుంచి రాఘవమ్మ పిలిచింది. హేమశ్రీ వెళ్ళలేదు. ట్రే అరుగు మీద పెట్టి, చెప్పింది. తను ఇన్నాళ్ళూ తోమింది కింది వరసలని, అవే నల్లబడ్డాయని. నిన్న కింది వాటిని వదిలేసి, పైవాటిని మాత్రం తోమానని, ఇవి నల్లబడ్డాయని. కొక్కేలు ఇనపవని. పులుపుకి ఇనుము కరిగి కొయ్యలోకి దిగుతోందని. చెప్పి, అరటికాయ నలుపు ఇంకా పూర్తిగా పోని తన వేళ్ళు చూపించింది. ఆ నలుపూ చెక్కమీది నలుపూ ఒకటే నలుపు.

అంకారావు చేతికర్రతో ఒక గంటని పక్కకి జరిపి కొక్కెం చూశాడు. తర్వాత బుల్లయ్యని చూశాడు. బుల్లయ్య గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

“మా మండపానికి గంటలేం లేవులే” అన్నాడు అంకారావు మీరా హుస్సేన్‌తో. “సోమవారం వచ్చి కొలతలు చూసుకో.”

మీరా హుస్సేన్ తల ఊపాడు. ఎగిరి గంతేయలేదు, దణ్ణాలు పెట్టలేదు. తలుపు దగ్గరికి వచ్చి పైవరసలో ఒక చారని బొటనవేలితో తడిమాడు. లోతెంత దిగిందో చూశాడు కాబోలు. తర్వాత హేమశ్రీతో చిన్నగా అన్నాడు.

“మీరు తోమడం నేనూ చూశానమ్మా, రెండో తడవ వచ్చినప్పుడు. గంటలు అట్టా మెరుస్తుంటే నా పాలిష్‌కే అందం వచ్చిందనుకున్నా.”

అంకారావు వెళ్ళిపోయాక, పైవరస ఎప్పుడు చేస్తావని బుల్లయ్య మామూలు గొంతుతోనే అడిగాడు. మండపం పని అయ్యాక వస్తానని, ఇత్తడి కొక్కేలు తెప్పించి ఉంచమని, కూలి సంగతి అప్పుడు మాట్లాడుకుందామని మీరా హుస్సేన్ కూడా మామూలు గొంతుతోనే చెప్పాడు. సైకిలెక్కేముందు అరుగు మీది గ్లాసు తీసుకుని నీళ్ళన్నీ తాగాడు.

ఆ వేసవంతా తలుపు అలాగే ఉంది. రాఘవమ్మ కోడలితో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు చారులో ఉప్పెంత వేశావని అడగాల్సి వచ్చి మాట్లాడింది. గంటలు తోమమని మాత్రం మళ్ళీ చెప్పలేదు. అవి మెల్లగా మసకబారాయి. వచ్చిన ప్రతివాడూ పైకి చూసి, ఆ నల్లచారలేమిటని అడిగేవాడు. మొదట్లో బుల్లయ్య మాట మార్చేవాడు. తర్వాత తర్వాత, గంటలకి ఇనపకొక్కేలు వాడకూడదని, పులుపు తగిలితే కొయ్య నల్లబడుతుందని, ఇది చాలామందికి తెలియదని చెప్పడం మొదలుపెట్టాడు. వినేవాడికి అది ఆయన సొంతంగా కనిపెట్టిన సంగతిలా ఉండేది.

జూన్‌లో విత్తనాల కంపెనీ ఏజెంటు వచ్చాడు. అతనికీ అదే చెప్పాడు, కొంచెం పెంచి. ఏజెంటు ఆశ్చర్యపోయి, అయితే పాలిష్ చేసినవాడు మంచి పనివాడు కాదేమోనని నేననుకున్నానండీ అన్నాడు. బుల్లయ్య నవ్వేసి, నీళ్ళ కోసం పక్కకి చెయ్యి చాపాడు.

హేమశ్రీ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. అందించలేదు. వెనక్కీ వెళ్ళలేదు. లోపల రాఘవమ్మ ఉన్నట్టు చేట చప్పుడు వినబడుతూనే ఉంది. పిలుస్తుందేమోనని బుల్లయ్య కాసేపు చూశాడు. చేట చప్పుడు కూడా ఆగింది గానీ, పిలుపు రాలేదు.

బుల్లయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పైవరస వైపు ఒకసారి చూశాడు.

“కాదయ్యా. పని బాగానే చేశాడు మీరా హుస్సేన్. తప్పు మాది. మూడుసార్లు ఊరికే చేయించుకున్నా అతని చేత, ఊరంతా చెడ్డగా చెప్పా కూడాను.”

హేమశ్రీ ముందు ఏజెంటుకి, తర్వాత మామకి నీళ్ళిచ్చింది.